అధ్యక్షుని మెత్త

ఆ శుక్రవారం పొద్దున సదానందం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి గల్లీ సంఘం మీటింగులో ముఖం చూపించాలి. తొమ్మిదింబావుకు తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుని జారుకోవాలి. ఊళ్లోనే ఉన్న కళ్యాణ్ నాకా స్టాపులో బస్సెక్కి, సీటు దొరికినా కూర్చోకుండా వెళ్లి, పదకొండు గంటలకల్లా కళ్యాణ్‌లో పెండ్సే డాక్టరమ్మ ముందు ఉండాలి. ఇంట్లో మాత్రం, మీటింగయ్యాక అంజూర్ ఫాటా పోతానని, అక్కడెవరో పాత మరమగ్గాలు అమ్ముతున్నారని చెప్పాడు.

“సాంచాలు చూడ పోయెటోనికి రెండు తువ్వాలలెందుకు?” అంది భార్య మాలతి.

“ఎండ మస్తున్నది.”

“జనవరిలనా?”

“అంజూర్ ఫాటాల ఎప్పుడైనా ఎండనే,” అని రెండో తువ్వాలను సంచిలో కుక్కుకుని సదానందం బయటపడ్డాడు.

అది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది. భివండీ పద్మానగర్‌లో నాలుగో గల్లీ. వారంలో ఆరు రోజులు ఆ గల్లీలో పక్క మనిషితో మాట్లాడాలంటే అరవాల్సిందే. రెండు వందల మరమగ్గాలు, అక్కడివాళ్ల మాటలో సాంచాలు, ఒక్కసారే తిరుగుతుంటాయి. శుక్రవారం వాటికి సెలవు. సాంచాలు ఆగితే నోళ్లు మొదలవుతాయి కాబట్టి సంఘం మీటింగులన్నీ శుక్రవారమే పెట్టుకునేవారు. సదానందం చిన్నప్పుడే కరీంనగర్ వైపు నుంచి తండ్రి వెంట వచ్చి, పరాయి సాంచాల మీద పదిహేనేళ్లు నేసి, ఇప్పుడు ఆరు సాంచాలకు యజమాని అయ్యాడు. నలభై ఆరేళ్లు. మొహమాటం మనిషి. ఎనిమిది నెలలుగా అతనికి ఉన్నది ఒకే ఒక్క కష్టం. కూర్చోలేడు.

మొదట అదొక గడ్డ. కూర్చునే చోట, మలద్వారానికి పక్కగా లేచింది. రెండు రోజులు జ్వరం వచ్చి, మూడో రోజు గడ్డ పగిలి, ప్రాణం లేచి వచ్చింది. పీడ పోయిందనుకున్నాడు. పీడ పోలేదు, చిన్న చిల్లు మిగిల్చి వెళ్లింది. ఆ చిల్లు పది రోజులు తడితడిగా కారేది, పది రోజులు మూసుకునేది, మూసుకున్నాక లోపల సలుపు మొదలయ్యేది, మళ్లీ పగిలేది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాడు. కారం మానేశాడు. నిజాంపురా బజారులో మొలలకని అమ్మే మలాం తెచ్చి నాలుగు ట్యూబులు రాశాడు. పంచె మీద మరకలు చూసి మాలతి అడిగితే సాంచా నూనె అన్నాడు. సాంచా పని నిలబడి చేసేదే కాబట్టి కార్ఖానాలో ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో అన్నం కూడా గూట్లో పళ్లెం పెట్టుకుని నిలబడే తినేవాడు. అరుగుదల మంచిగ ఉంటుందట అని చెప్పేవాడు.

ఎవరికైనా చెప్పవచ్చు కదా అంటారేమో. నాలుగో గల్లీ సంగతి మీకు తెలియదు. ఆ గల్లీలో ముగ్గురు కనుకయ్యలున్నారు. ఒకాయన కిరాణా కనుకయ్య, ఇంకొకాయన పొడుగు కనుకయ్య. మూడో ఆయన పాపం ఆరేళ్ల కిందట మొలలకు మందు వాడుతున్నానని, నోట మాట ఆగని సిద్ధిరాములు చెవిలో ఒక్క మాట చెప్పాడు. అప్పటినుంచి ఆయన మొలల కనుకయ్య. ఆయన కొడుకు పెళ్లి పత్రిక పంచుతుంటే “ఎవరి పెండ్లి? మొలలోళ్లదా?” అన్నారు. సదానందాలు కూడా ఇద్దరున్నారు. ఒకాయనకు బుల్లెట్ బండి ఉంది, ఆయన బుల్లెట్ సదానందం. మన సదానందం ఇంకా ఏ పేరూ పడని “ఇంకో సదానందం”. ఆ ఖాళీలోకి ఏ పేరు వచ్చి కూర్చుంటుందో తలుచుకుంటేనే అతనికి చెమటలు పట్టేవి. తనతో పోతే సరే, రేపు కూతురు కోమల్‌ని కూడా అదే పేరుతో పిలుస్తారు. చచ్చినా ఎవరికీ తెలియకూడదు, ఈ రోగం మాత్రం తగ్గిపోవాలి. అంతే అతను దేవుణ్ణి కోరుకున్నది.

అలాంటి రోజుల్లో ఒకనాడు ఉతికిన చొక్కా జేబులో ఒక మడతపెట్టిన చీటీ కనిపించింది. కళ్యాణ్‌లో పెండ్సే డాక్టరమ్మ, మొలలకు, భగందరానికి వైద్యం, శుక్రవారం మాత్రమే. బస్టాండులో ఎవరో జేబులో పెట్టి ఉంటారనుకున్నాడు. కిందటి శుక్రవారం గుట్టుగా వెళ్లి వచ్చాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, కాగితం మీద బొమ్మ గీసి, మరాఠీ కలిసిన హిందీలో విడమరిచి చెప్పింది. ఇది మొలలు కాదు, భగందరం. లోపలి అంచున చిన్న చిన్న గ్రంథులుంటాయి. వాటిలో ఒకటి పూడుకుపోయి చీము పట్టింది. ఆ చీము బయటికి దారి చేసుకుంటూ వచ్చి చర్మం కింద గడ్డయింది. గడ్డ పగిలిపోయింది గాని, అది వచ్చిన దారి సొరంగంలాగా అలాగే ఉండిపోయింది. పైమూతి మూసుకున్నప్పుడల్లా లోపల నిండుతుంది. బయట ఎన్ని మలాములు రాసినా ఆ సొరంగానికి అందవు. మిరపకాయల పాపం ఇందులో ఏమీ లేదు. కొందరికి క్షయ వల్ల, పేగుల జబ్బు వల్ల కూడా వస్తుందని చెప్పి రక్తపరీక్షలు, ఎక్సరే చేయించింది. అవేవీ లేవని తేలింది.

“ఆపరేషనా?” అన్నాడు సదానందం, గోడ పట్టుకుని.

కొందరికి ఆపరేషనే చేయాలని, అతని సొరంగం తిన్నగా, పైపైనే ఉంది కాబట్టి దారంతో నయం చేయవచ్చని ఆవిడ అంది. మందు పట్టించిన దారాన్ని ఆ దారిలోంచి లాగి ముడి వేస్తారు. అది కొంచెం కొంచెంగా దారిని కోసుకుంటూ, వెనకనుంచి మాన్పుకుంటూ వస్తుంది. ప్రతి వారం పాత దారం కొసకు కొత్త దారం ముడివేసి లాగుతారు. ఏడెనిమిది వారాలు పడుతుంది. సదానందానికి అక్కడ భయం పోయి ఆసక్తి పుట్టింది. దారం ఎంత నంబరుదని అడిగాడు. ఇరవై నంబరు నారదారం, దాని మీద జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు కలిపి ఇరవయ్యొక్క పూతలు పూసి ఆరబెడతామంది ఆవిడ. అంటే నూలుకు గంజి పట్టించినట్టే. పాత పోగు కొసకు కొత్త పోగు ముడేసి లాగడమంటే సాంచా మీద పడుగు నూలు చుట్టిన బీము మార్చినప్పుడు తాను వేలసార్లు చేసిన పనే. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఒక వైద్యం మీద అతనికి నమ్మకం కుదిరింది.

“వచ్చే శుక్రవారం పదకొండింటికి రండి, తప్పొద్దు,” అంది ఆవిడ. “ఆ తర్వాత నెల రోజులు నేనుండను, పుణేలో మా అమ్మాయి పెళ్లి. ఈలోగా మళ్లీ వాచి జ్వరం వస్తే అస్సలు ఆలస్యం చేయకండి.”

బుధవారం నుంచి వాచింది. గురువారం ఒళ్లు వెచ్చబడింది. ఇదిగో, శుక్రవారం తొమ్మిదింటికి సదానందం సంఘం హాలు తలుపు దగ్గర, చెప్పుల పక్కన నిలబడి ఉన్నాడు.

హాలులో జంపఖానా మీద అరవై మంది బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా ఎత్తైన గద్దె మీద అధ్యక్షుడు ఆగయ్య తన మెత్త మీద కూర్చున్నాడు. ఆ మెత్త గురించి చెప్పాలి. ఎర్ర మఖమలు తొడుగు, చుట్టూ జరీ అంచు. పదిహేడేళ్లుగా ఆగయ్యే అధ్యక్షుడు, పదిహేడేళ్లుగా అదే మెత్త. మీటింగుకు తానే చంకలో పెట్టుకొస్తాడు, తానే తీసుకుపోతాడు, ఇంకొకరిని ముట్టనివ్వడు. ప్రతి ఎన్నికలో ఎవరో ఒకరు పోటీకి రావడం, ఆగయ్య ప్రాణం పెట్టి గెలవడం మామూలే. ఆ మెత్త మీద కూర్చోవాలని సగం గల్లీకి ఆశ. సదానందానికి అలాంటి ఆశ ఏనాడూ లేదు గాని, ఆ పూట మాత్రం అతని చూపు దాని మీద నుంచి కదల్లేదు. ఎంత మెత్తగా ఉందో అనుకుంటున్నాడు.

“మార్కండేయ జయంతి ఊరేగింపు గురించి మాట్లాడుకుందాం,” అని మొదలుపెట్టి ఆగయ్య ఆగిపోయాడు. “ఏంది సదానందం, నిలబడ్డవు?”

అప్పుడు గుర్తొచ్చింది సదానందానికి.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరికైనా సంఘం మీద గాని, సంఘంలో మనిషి మీద గాని ఫిర్యాదు ఉంటే నోరు తెరవనక్కరలేదు. అందరూ కూర్చున్నాక తానొక్కడు నిలబడితే చాలు. దాన్ని మాట మీద నిలబడటం అంటారు. అతను కూర్చునేదాకా వేరే పని ముట్టకూడదు. అతను మాట చెప్పకుండా హాలు దాటి పోయాడంటే సంఘంతో తెంచుకున్నట్టే, రేపటినుంచి మంచికీ చెడ్డకూ ఎవరూ రారు.

“ఏం లేదు కాకా, మీరు కానియ్యున్రి,” అన్నాడు సదానందం.

“ఏం లేకుంటె కూసో మరి.”

“కూసోను.”

వద్దు అనబోయి అన్న మాట అది. హాలంతా అతని వైపు తిరిగింది. ఆ సంఘంలో మాట మీద నిలబడ్డవాళ్లున్నారు గాని, మొహం మీద కూసోనన్నవాడు ఇంతకుముందు లేడు.

“మోకాలు నొస్తున్నది కాకా,” అని సర్దబోయాడు. వెంటనే ఎవరో ఇనప కుర్చీ తెచ్చి వెనక వేశారు. సదానందం ఆ కుర్చీ వంక చూసి రెండడుగులు పక్కకు జరిగాడు. కింద కూర్చోనివాడు, కుర్చీలోనూ కూర్చోనివాడు, మోకాలు నొప్పి మనిషి ఎట్లా అవుతాడు? ఇది పెద్ద మాటే అయి ఉంటుందని అందరికీ అర్థమైంది. గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై.

ముందుగా కదిలింది సిద్ధిరాములు. అతని కార్ఖానాకూ సదానందం కార్ఖానాకూ మధ్య ఒకటే గోడ. అతను మూడుసార్లు తుమ్మి, నాలుగుసార్లు దగ్గి, చివరికి చేతులు జోడించాడు.

“నాకెర్కే సదానందం, నీ బాధ నా మీదనే. వానకాలం సంది నా ఫ్యాను, నా ట్యూబులైటు నీ మీటరు మీదనే తిరుగుతున్నయి. ఒప్పుకుంటున్న. ఇగ కూసో.”

సదానందానికి ఆ సంగతే తెలియదు. ఆరు నెలలుగా కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతోందో అప్పుడు అర్థమైంది. నోరు తెరిచి, కోపం వచ్చి, వెంటనే కింద సలుపు వచ్చి, “సరే, అయిపాయె, పో,” అన్నాడు. అయినా నిలబడే ఉన్నాడు.

“అంటె గది గాదన్నట్టు!” అన్నారు ఎవరో.

ఈసారి అతని బామ్మర్ది భూషణ్ ముఖం ఎర్రబడింది. మాలతి తమ్ముడు, పక్క వరసలో ఎనిమిది సాంచాలు ఉన్నవాడు. “బావా, గిట్ల పదిమందిల నిలదీస్తవనుకోలే. పోగులు అతికెటోడు నీ దగ్గరికి పోతుంటే నేనే నా దగ్గరికి గుంజుకొచ్చిన. నీ రెండు సాంచాలు నాలుగు దినాలు బందున్నయి. తప్పే. అక్కకు చెప్పకు.”

తర్వాత సదానందం ఒక్క మాట అడగకుండానే ఇంకో ఇద్దరు లేచారు. ఒకాయన సదానందం ఇంటి గోడకు మేకులు కొట్టింది తానేనన్నాడు. ఒకాయన ఎప్పుడో అతని గొడుగు తీసుకుపోయానని ఒప్పుకుని, ఇప్పుడే తెస్తానని ఇంటికి పరుగెత్తాడు. తొమ్మిదీ ముప్పై అయిదు. సదానందం ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ అందరినీ క్షమిస్తూనే ఉన్నాడు. ఎంత క్షమించినా కూర్చోవడం లేదు. కళ్యాణ్ బస్సు ఒకటి వెళ్లిపోయి ఉంటుంది.

హాలు బయట ఆడుకుంటున్న కోమల్ ఇంటికి ఉరికింది. మరాఠీ బడిలో చదివే ఆ పిల్ల నోట సగం మాటలు అక్కడివే. “అమ్మా, బాపు మీటింగ్‌ల ఉభా ఉన్నడు! అందరు కూసో కూసో అంటున్నరు, బసతనే లేడు!”

మాలతి చేతిలో పిండి కడుక్కోకుండానే వచ్చింది. తలుపు దగ్గర ఆగి, మొగుణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసింది. అతని నుదుటి మీద చెమట చూసింది, వెనకనున్న ఇనప కుర్చీని చూసింది.

“రావమ్మా,” అన్నాడు ఆగయ్య. “నీ పెనిమిటికి ఏం కష్టమొచ్చిందో నువ్వన్న చెప్పు. మేమడిగితె చెప్తలేడు.”

“ఆయన కష్టం ఆయననే చెప్పుకోవాలె కాకా,” అంది మాలతి. “నేను చెప్పేది గాదు.”

పెళ్లామే చెప్పలేని కష్టమంటే అది ఏ స్థాయిదో! హాలంతా గుసగుసలు. మాలతి ఇంకొక్క క్షణం ఆలోచించి, గద్దె వంక చూసి, చాలా మామూలుగా అంది. “కాకా, జర మీ మెత్త ఆయనకియ్యున్రి. దాని మీదైతె కూసుంటడు.”

పిడుగు పడినట్టయింది. అధ్యక్షుని మెత్త! అంటే సదానందం మాట మీద నిలబడింది అధ్యక్ష పదవికి!

“నేననుకుంటనే ఉన్న!” అన్నాడు సిద్ధిరాములు. “వచ్చిన కాడి సంది ఆయన కన్ను మెత్త మీదనే ఉన్నది!”

“కాదన్నా, నాకెందుకు...” అని సదానందం అంటూనే ఉన్నాడు, ఎవరూ వినిపించుకోలేదు. తన సంసారమూ తన పరువూ ఒకేసారి ముంచేసిందని మాలతి వంక గుర్రుగా చూశాడు. ఆమె తలుపు పక్క నిలబడి చేతికంటిన పిండి గోళ్లతో తీసుకుంటోంది.

“మా బావ నిలబడ్డడంటె నేను నిలబడ్డట్టే!” అని భూషణ్ లేచాడు. చేసిన తప్పు కడుక్కోవడానికి ఇంతకంటే మంచి అదను ఎక్కడ దొరుకుతుంది? మొలల కనుకయ్య కూడా లేచాడు. ఆయనకు రాజకీయాలతో పని లేదు, నిలబడటానికి ఏ కారణం దొరికినా ఆయనకు సంతోషమే. పదిహేడేళ్లు ఒకే ముఖం చూసి విసిగినవాళ్లు పది మంది లేచారు. వాళ్లను చూసి ఇంకో ఇరవై మంది. కూర్చున్నవాళ్ల కంటే నిలబడ్డవాళ్లు ఎక్కువయ్యారు.

ఆగయ్య ముఖం పాలిపోయింది. రెండు చేతులతో మెత్త అంచులు పట్టుకున్నాడు. ఆ పట్టు ముందు వరసలో వాళ్లందరూ చూశారు. పదవి మీద ఇంత మమకారమా అనుకున్నారు.

“పదిహేడేండ్లు,” అన్నాడు ఆగయ్య. “పదిహేడేండ్లల్ల నేను మీకేం తక్కువ జేసిన?”

ఆయన మెల్లగా లేచి, మెత్త తీసి, సదానందం ముందు పెట్టాడు. “తీస్కో బిడ్డా. సుకంగ కూసో.”

భూషణ్ ఒక చేయి, సిద్ధిరాములు ఒక చేయి పట్టుకుని సదానందాన్ని గద్దె ఎక్కించారు. “వద్దురా, వద్దురా,” అంటుండగానే కిందికి కుదేశారు. సదానందం కళ్లు మూసుకున్నాడు. పళ్లు బిగించాడు. సూది పోటు కోసం ఎదురుచూశాడు.

పోటు రాలేదు.

కళ్లు తెరిచాడు. కొంచెం అటూ ఇటూ కదిలాడు. నొప్పి లేదు. మెల్లగా చేయి కిందికి పోనిచ్చి మఖమలు తొడుగును తడిమాడు. మెత్త నడుమ దూది లేదు. నీళ్ల బిందె కింద పెట్టే చుట్టకుదురులాగా చుట్టూ గుండ్రంగా ఎత్తుగా ఉండి, మధ్యలో ఖాళీ. పైన తొడుగు బిగించి ఉంది కాబట్టి ఎవరికీ కనిపించదు. ఎనిమిది నెలల తర్వాత సదానందం కూర్చున్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“సూడున్రి, ఎంత ఆశ పెట్టుకున్నడో పాపం!” అన్నారు వెనకనుంచి. చప్పట్లు మోగాయి. ఎవరో ఊరేగింపుకని తెచ్చిన దండ తీసి మెడలో వేశారు.

నిలబడ్డవాళ్లందరూ సంతృప్తిగా జంపఖానా మీద కూర్చున్నారు. ఒక్క ఆగయ్య కూర్చోలేదు.

“కూసో కాకా,” అన్నాడు భూషణ్, గెలిచినవాళ్ల మర్యాదతో. “ఇగ మాతోని కింద కూసో.”

“కూసోను,” అన్నాడు ఆగయ్య.

కుర్చీ వేశారు. ఆగయ్య కుర్చీ వంక చూసి రెండడుగులు పక్కకు జరిగాడు.

గద్దె మీంచి సదానందం ఆయన్ని చూశాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుతోంది. పంచె వెనక భాగాన్ని వేళ్లతో చటుక్కున సర్దుకున్నాడు. ఆ సర్దుకోవడం సదానందానికి బాగా తెలుసు. రోజుకు ఇరవైసార్లు తాను చేసేదే. గబుక్కున దిగి ఆగయ్యను గద్దె వెనక్కి తీసుకుపోయి, చెవి దగ్గర నోరు పెట్టాడు.

“కాకా, ఎన్నేండ్ల సంది?”

“ఏంది?”

“కారుతదా?”

ఎవరైనా వింటున్నారేమోనని ఆగయ్య హాలు వైపు చూసుకున్నాడు. తర్వాత గుసగుసగా అన్నాడు. “పద్దెనిమిది. ఎండకాలం జర ఆగుతది. మల్ల మొదలు. నీకు గూడానా?”

“ఎనిమిది నెలలు.”

“అయ్యో బిడ్డా!” అని ఆగయ్య అతని చేయి పట్టుకున్నాడు. దూరం నుంచి చూస్తున్నవాళ్లకు పాత అధ్యక్షుడు కొత్త అధ్యక్షుణ్ణి బతిమాలుతున్నట్టు కనిపించింది.

గడియారంలో పదీ అయిదు. సదానందం గద్దె ముందుకు వచ్చి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి పదిమందిలో గొంతెత్తాడు.

“ఆగయ్య కాకది నాది ఒక మాట ఉన్నది. గిది మా ఇద్దరి నడుమ తెగేది గాదు. కళ్యాణ్ల ఒక పెద్దమనిషి ముందట తెంపుకోవాలె. గిప్పుడే పోతున్నం. మీటింగు బంద్.”

సంఘం అధ్యక్షుడు బంద్ అంటే బందే. ఇద్దరూ బయటికొచ్చారు. వీధి మొదట్లో రిక్షావాడు “ఆవో సేఠ్, బైఠో,” అన్నాడు. ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. అటుగా కళ్యాణ్ వైపు పోతున్న నూలు టెంపోను ఆపి, వెనక ఎక్కి, తాడు పట్టుకుని నిలబడ్డారు. మెత్త మాత్రం ఆగయ్య చంకలోనే ఉంది. సదానందమే తెచ్చి ఇచ్చాడు.

కోన్‌గావ్ దాటాక గాలికి ఆగయ్య తువ్వాల ఎగురుతుండగా ఆయన అన్నాడు. “నేను పదవి కోసం కొట్లాడిననుకుంటరు బిడ్డా. ఆ లొల్లి, ఆ జమాఖర్చులు నాకెందుకు? సంఘంల అందరు కిందనే కూసోవాలె. మెత్త ఒక్క అధ్యక్షునికే. కిందికి దిగితె ఆ దినమే అందరికి ఎర్కైతది. గందుకే పదిహేడేండ్ల సంది గెలుస్తనే ఉన్న.”

సదానందానికి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి వచ్చింది. అయినా నవ్వాడు.

దవాఖానాలో పేర్లు రాసుకునే సుశీలాబాయి, సదానందం కాగితం చూసి చిన్నగా నవ్వింది. “భివండీ మాలతీబాయి భర్త మీరే కదా? మూడు వారాల కిందట ఆమె వచ్చి నా దగ్గర చీటీ రాయించుకుపోయింది.” సదానందానికి ఆ చొక్కా జేబు, మాలతి అడిగిన మెత్త ఒక్కసారే గుర్తొచ్చాయి.

డాక్టరమ్మ మొద్దుబారే సూది వేసి, నిండిన చీము తీసి, మొదటి దారం వేసి ముడి బిగించింది. తాను పుణేకు వెళ్లినా ప్రతి శుక్రవారం దారం మార్చడానికి తన శిష్యుణ్ణి పెట్టింది. ఆగయ్యను చూశాక మాత్రం తల అడ్డంగా ఊపింది. ఆయన సొరంగం పద్దెనిమిదేళ్లలో రెండు కొమ్మలు వేసి, లోతుకు పోయింది. దారం ఒక్కటే చాలదు, జిల్లా కేంద్రం ఠాణేలో సర్జను దగ్గర ఆపరేషను కావాలంది. మొదటి ఏడాదే వచ్చి ఉంటే పదివారాల పని కదా బాబా అని కోప్పడింది. ఆగయ్య చిన్నపిల్లవాడిలా తల వంచుకుని విన్నాడు. ఒకరు తన రోగాన్ని పేరు పెట్టి పిలవడం ఆయన వినడం అదే మొదలు.

సదానందం ఇంటికి వచ్చేసరికి మాలతి పెద్ద ప్లాస్టిక్ టబ్బులో వేడినీళ్లు పోసి సిద్ధంగా ఉంచింది.

“దాంట్ల కూసో,” అంది. “పొద్దుమాపు పది నిమిషాలు కూసోవాలన్నది సుశీలాబాయి. ఆకుకూరలు, నీళ్లు ఎక్కువ తీసుకోవాలన్నది.”

“నీకెప్పటిసంది ఎర్క?”

“ఎనిమిది నెలలు నీ పంచెలు ఎవరు పిండుతున్నరనుకున్నవు? సాంచా నూనె వాసన నాకు తెల్వదా?” అని ఆమె ముఖం తిప్పుకుంది. “ఒక్క మాట చెప్తె అయిపోయేది. నీకు పేరు పెట్టెటోళ్లల్ల నేను గూడ ఉన్ననని భయపడ్డవు కదా.”

సదానందం టబ్బులో కూర్చుని, సిగ్గుతో, సుఖంతో, ఆమె చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

గల్లీకి మాత్రం నిజం తెలియలేదు. ప్రతి శుక్రవారం సదానందం కళ్యాణ్ వెళ్తుంటే, పంచాయితీ ఇంకా నడుస్తోందనుకున్నారు. ఆగయ్య పది రోజులు ఠాణేలో ఉండిపోయేసరికి, కళ్యాణ్‌లో తెగక కేసు జిల్లా కోర్టుకు పోయిందని తేల్చారు. తిరిగొచ్చాక ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని చాయ తాగుతుంటే, రాజీ అయ్యిందని మెచ్చుకున్నారు. సదానందానికి పదో వారంలో పూర్తిగా మానింది. ఖాళీగా ఉన్న అతని పేరు ముందర అధ్యక్షుల సదానందం అని చేరింది. మొదటి పనిగా అతను తన మీటరు నుంచి సిద్ధిరాములు లాక్కున్న వైరు పీకించాడు.

మరుసటేడు మీటింగులో కొత్త అధ్యక్షుడు సదానందం జంపఖానా మీదే అందరితో బాసింపట్టు వేసుకున్నాడు. ఆగయ్య కూడా పక్కనే హాయిగా చతికిలబడ్డాడు. మెత్త సంఘం బీరువాలో ఉంది. ఇక ఊరేగింపు సంగతి ఎత్తుదామనుకుంటుండగా వెనక వరసలో సిద్ధిరాములు నిలబడ్డాడు.

“కూసో సిద్ధిరాములూ,” అన్నాడు ఆగయ్య.

“కూసోను.”

సదానందం, ఆగయ్య ఒకరినొకరు చూసుకున్నారు. సదానందం మనసు కరిగిపోయింది. ఎంత నోటి మనిషైనా, పాపం, ఎన్నాళ్లుగా దాచుకున్నాడో! నలుగురిలో అడిగి నొప్పించడం ఎందుకని నిశ్శబ్దంగా లేచి, వెళ్లి, బీరువాలోంచి మెత్త తెచ్చి అతని కాళ్ల దగ్గర పెట్టాడు. జేబులోంచి కళ్యాణ్ చీటీ తీసి అరచేతిలో పెట్టి మూశాడు. చెవిలో, “భయపడకు అన్నా, దారంతోని పోతది,” అన్నాడు.

సిద్ధిరాములు చీటీ విప్పి చదివాడు, మెత్త వంక చూశాడు.

“గివన్ని నాకెందుకు?” అన్నాడు. “నా ఫ్యాను వైరెందుకు పీకినవో గది చెప్పు.”